నా ముందే అనండి

యూనివర్సిటీలో చరిత్ర చెప్పే ఆమెను అందరం సయామా అనేవాళ్లం, అంటే బర్మా భాషలో టీచరమ్మ. ఆమె యూదురాలు. చిమిండైంగ్‌లో మా వీధిలోనే పెరగడంతో మా తెలుగే మాట్లాడేది. యూదుల మీద విషపు మాటలు మొదలయ్యాక, ప్రతి బుధవారం మూడింటికి విద్యార్థులను పిలిచి, ఊరిన తేయాకు పళ్లెం పెట్టి, "నా ముందే అనండి, తింటూ మాటాడుకుందాం" అనేది. ఎవరెంత మాటన్నా గొంతు పెంచకుండా పళ్లెం వాళ్ల వైపు జరిపేది.

నాలుగు నెలలకు అందరూ మర్యాదస్తులయ్యారు. ఆమె సంబరపడింది. ఆ వారమే నేను యూనివర్సిటీ ఆఫీసులో లెక్కలు ముగించి ఆమెతో మెట్లు దిగుతుంటే, బుధవారాలు మానకుండా వచ్చే మా చెల్లెలి మనవడు స్నేహితులతో "లోకాన్ని పాడుచేసింది యూదులే" అంటున్నాడు.

మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు. "మీరు మంచోరు సయామా. మిమ్మల్ని కాదు, మిగతావోల్లని."

"నేను కాక ఇంకో యూదుణ్ణి ఎప్పుడైనా చూసావేట్రా?"

వాడు వినయంగా తల వంచాడు. "లేదు సయామా. ఎక్కడో ఉంటారు."