ఒప్పుకుంటే అయిపోతుందన్నారు

ఆషాఢంలో మూడో ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు మొదలైంది. పోలీసు కాగితంలో ఐదుంబావు అని ఉంది. అది వాళ్లు రాయడం మొదలుపెట్టిన సమయం. టెంపో ఆపినప్పుడు నేను ముందు సీట్లో నా కొడుకు పక్కనే ఉన్నాను. ఒళ్లో బోనం ఉంది, చేతికి గడియారం ఉంది.

ఆ రోజు సూరత్‌లోని లింబాయత్‌లో మా నేత కుటుంబాలన్నీ కలిసి పోచమ్మకు బోనాలు చేశాయి. గుడి అని చెప్పుకునేంతది కాదు. రెండు మరమగ్గాల షెడ్ల మధ్య ఒక రేకు, దాని కింద పసుపు పూసిన రాయి. సిరిసిల్ల వైపు నుంచి మొదట వచ్చినవాళ్లు పెట్టుకున్నది. బోనం ఎత్తిన రోజు ఆమె ముందు సాక పోయాలి. పసుపు నీళ్లు, వేపాకు, వాటితో పాటు కొంచెం కల్లో సారానో నేల మీద ధారగా పోయడమే సాక. ఊళ్లో అయితే కల్లు ఉంటుంది. సూరత్‌లో ఉండదు. గుజరాత్ అంతటా మద్యం నిషేధం, సర్కారు పర్మిట్ లేకుండా ముట్టుకోకూడదు. అందుకని ఏటా సంఘంలో ఎవరో ఒకరు నిషేధం లేని దమన్ నుంచి ఒక సీసా తెస్తారు. అది తప్పని అందరికీ తెలుసు. అమ్మవారి పనికి తప్పు లేదని కూడా అందరికీ తెలుసు.

సాక పోశాక మిగిలింది పారబోయరు. మగవాళ్లు తలా కొంచెం తీసుకుంటారు. అప్పటికీ మిగిలితే సంఘం పెద్దమనిషి ఇంటికి పోతుంది. ఆయన నాకు వరుసకు మరిది. ఆ రోజు నా కొడుకు మూడు చిన్న గ్లాసులు తాగాడు. తర్వాత అందరితో రెండే అని చెప్పాడు. నేను చూశాను, మూడు.

పెద్దమనిషి సీసా మూత బిగించి వాడి చేతికిచ్చాడు. "అరే, ఆడోళ్లను నవాగామ్‌ల దింపిరా. పొయ్యేటప్పుడు గీ సీసా మా ఇంట్ల ఇచ్చిపో."

"వాడు తాగిండు. ఇంకెవలికన్న చెప్పు మరిదీ," అన్నాను.

"మూడు గుక్కలకే తాగినట్టా వదినా? గది సాక. సారా కాదు."

"ఏంగాదవ్వా, ఎక్కు," అన్నాడు నా కొడుకు. "నువ్వు పక్కన కూసుంటే పోలీసోడు గూడ దండం పెడ్తడు."

నా కొడుకు గురించి ఒకటి చెప్పాలి. ఇరవై ఆరో ఏట వాడి ఎడమ చేతి రెండు వేళ్లు మగ్గంలో పోయాయి. తెగిన పోగును నడుస్తున్న మగ్గం మీద ముడి వేయాలంటే పది వేళ్లూ కావాలి. ఎనిమిది వేళ్లవాడిని ఏ సేఠూ పెట్టుకోడు. అప్పుడు బండి నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. పదిహేడేళ్లుగా షెడ్ల నుంచి రంగుల మిల్లులకు గుడ్డ తోలుతున్నాడు. ఈ టెంపో సొంతం, కిస్తుల మీద తీసుకున్నది. లైసెన్సు ఉన్నంతవరకే వాడికి పని, ఆ పని ఉన్నంతవరకే మా ఇంట్లో పొయ్యి.

డిండోలి దగ్గర రైలు వంతెన దిగగానే పోలీసులు అడ్డంగా బారికేడ్లు పెట్టి ఉన్నారు. గొట్టంలో ఊదమన్నారు. ఊదాడు. మిషన్ చూసి దిగమన్నారు. సీటు కింద వెతికితే సీసా దొరికింది. దాని మెడకు పసుపు, దారంతో కట్టిన వేపరెమ్మ.

"యే కిస్కీ బోతల్ హై?"

"మాతాజీకీ హై సాబ్," అన్నాడు నా కొడుకు.

ఆ పోలీసతను సీసాను ఎండకు ఎత్తి చూశాడు. "మాతాజీకే పాస్ పర్మిట్ హై?"

మిగతా పోలీసులు నవ్వారు. వెనక బోనాలతో కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె కూడా నవ్వింది, అమ్మవారికి పర్మిటా అని. నా కోడలు నవ్వలేదు. కొడుకును రక్తపరీక్షకు సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. టెంపోను ఠాణాకు తోలారు. మేము ఏడుగురం బోనాలు నెత్తిన పెట్టుకుని నడిచి ఇల్లు చేరాం. వాడు మర్నాడు మధ్యాహ్నం జామీను మీద వచ్చాడు.

కేసులు రెండని అప్పుడే చెప్పారు. తాగి బండి నడిపినందుకు మోటారు వాహనాల చట్టం కింద ఒకటి. అసలు తాగినందుకు, సీసా దగ్గర ఉంచుకున్నందుకు గుజరాత్ మద్యనిషేధ చట్టం కింద ఇంకొకటి. మొదటిదానికి మొదటిసారైతే ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల వరకు జుర్మానా, లేదా రెండూ. ఇది ఠాణా బయట టైపు కొట్టే అతన్ని అడిగి తెలుసుకున్నాను. రెండో దాని సంగతి వకీలును అడగమన్నాడు.

వకీలును పెట్టుకుందామని కోడలు అన్నది. తన మంగళసూత్రపు గుండ్లు అమ్ముదామన్నది. ఆ సాయంత్రమే పెద్దమనిషి ఇంటికి వచ్చాడు.

"ఫైన్ కేసుకు వకీలెందుకే పిల్లా? కరీంనగర్‌ల మా అల్లుడు దొరికితే ఏంజేసిండు? ఒప్పుకున్నడు, కట్టిండు, పగటీలి బువ్వకు ఇంట్ల ఉన్నడు."

"అది ఆడ మామా. ఈడ మందే బందు గద," అన్నది కోడలు.

"ఏడైనా గంతే. ఒప్పుకున్నోన్ని ఎవలు కొడ్తరు?"

ఆయన మోసం చేయాలని అన్న మాట కాదు. మా సంఘంలో కట్టుబాటు అట్లాంటిది. తప్పు చేసినవాడు తువ్వాలు మెడకు చుట్టుకుని పదిమంది మధ్య నిలబడి "తప్పైంది" అంటాడు. తప్పు పైసలు పెడతాడు. ఆ పైసలతో చాపలో గిన్నెలో కొంటారు, అందరూ చాయ్ తాగుతారు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే ఎత్తినవాడికే జుర్మానా. ఒప్పుకోవడమంటే మాకు ముగిసిపోవడం. ముప్పై ఏళ్లుగా మా ఇళ్లలో కొట్లాటలు, ఎగవేతలు అన్నీ అట్లాగే ముగిశాయి. కోర్టు కూడా కొంచెం పెద్ద సంఘమే అనుకున్నాం.

శ్రావణంలో ఒక గురువారం మొదటి కేసు పిలిచారు. మేజిస్ట్రేటు ఆడమనిషి. చిన్న వయసు. నిదానంగా హిందీలో అడిగింది. వకీలు ఉన్నాడా అంటే లేడన్నాడు. సర్కారు ఖర్చుతో వకీలును ఇప్పించమంటావా అని అడిగింది. నా కొడుకు వెనక్కి తిరిగి పెద్దమనిషిని చూశాడు. ఆయన వద్దన్నట్టు తల ఊపాడు.

"ఒప్పుకుంటే శిక్ష పడుతుంది. ఎవరైనా బలవంతం చేశారా?"

"లేదు సాబ్. గల్తీ హో గయీ. మాఫ్ కరో." ఆమెను కూడా సాబ్ అనే అన్నాడు. తువ్వాలు మెడకు చుట్టుకుని, ఎనిమిది వేళ్లతో చేతులు జోడించాడు.

ఆ మాటలు గుజరాతీలో రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నారు. మద్యం తాగాను, తాగి బండి నడిపాను అని. పదివేలు జుర్మానా, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలన్నది. సాయంత్రం బయటికి వచ్చి చాయ్ తాగాం. పెద్దమనిషే పైసలు ఇచ్చాడు. ఆషాఢం తర్వాత నా కొడుకు నవ్వడం అదే మొదటిసారి.

"చూసినవా అవ్వా, గంతే," అన్నాడు.

పదిహేను రోజులకు రవాణా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. శిక్ష పడింది కాబట్టి లైసెన్సు ఆరు నెలలు నిలిపివేశాం అని. ఆరు నెలలేగా అనుకున్నాం. కార్తీకంలో రెండో కేసు సమన్లు వచ్చాయి. అప్పుడు గుండ్లు అమ్మి వకీలును పెట్టుకున్నాం.

ఆయన గుజరాతీ మనిషి, అరవై దాటినవాడు. కోర్టు ఎదుట మెట్ల కింద గది. ఫీజు ముప్పై ఐదువేలు, మూడు విడతల్లో. ఆయనను నేను తప్పు పట్టను. మా ముందే కాగితాలన్నీ మొదటి నుంచి చదివాడు. చదువుతూ చదువుతూ రక్తపరీక్ష కాగితం దగ్గర ఆగి కళ్లద్దాలు తీశాడు. హిందీలో అన్నదాన్ని నాకు గుర్తున్నట్టు రాస్తున్నాను.

"మాసీ, రక్తం తీసిన తర్వాత ఇన్ని రోజుల్లోగా పరీక్షకు పంపాలని రూలు ఉంది. వీళ్లు పందొమ్మిది రోజులు ఠాణాలోనే పెట్టుకున్నారు. రక్తం సీసా మీద డాక్టరు సీలు కూడా లేదు. ఈ కాగితం కోర్టులో నిలబడదు."

"మరి ఆ మందు సీసా?" అని కోడలు అడిగింది.

"సీసా దొరికిందని రాసిన పంచనామాలో సాక్షులిద్దరూ ఠాణాలో ఎప్పుడూ ఉండేవాళ్లే. అందులో టెంపో నంబరు కూడా తప్పు. అది నాకు వదిలేయండి. లైసెన్సు మళ్లీ వస్తుంది."

నా కొడుకు కుర్చీలో ముందుకు జరిగాడు. వకీలు పేజీ తిప్పాడు. పోలీసులు తెచ్చి పెట్టిన మొదటి కేసు నకలు అక్కడ ఉంది. సంతకం కనిపిస్తోంది. దాని మీద వేలు పెట్టాడు.

"ఇది చెప్పమని ఎవరు చెప్పారు?"

నా కొడుకు మెడలోని తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"రక్తం ఏం చెప్తే ఏముంది, ఇతనే చెప్పేశాడు. మేజిస్ట్రేటు ముందు, బలవంతం లేదని కూడా చెప్పాడు. ఆ రోజు నా దగ్గరికి వచ్చి ఉంటే రెండు కేసులూ కలిపి చూసేవాణ్ణి."

"మావోళ్లల్ల ఒప్పుకుంటే ఇడిచిపెడ్తరు సాబ్," అన్నాడు నా కొడుకు తెలుగులోనే. వకీలు నా వైపు చూశాడు. నేను హిందీలో చెప్పాను.

"ఇక్కడ ఒప్పుకున్నవాడినే పట్టుకుంటారు మాసీ. ఒప్పుకోనివాడిని పట్టుకోవడానికి వాళ్లు కష్టపడాలి."

అయినా ఆయన వాదించాడు. సాక సంగతి చెప్పడానికి సంఘం నుంచి ఎవరైనా సాక్ష్యానికి వస్తారా అని అడిగాడు. పెద్దమనిషి దగ్గరికి నేనే పోయాను. ఆయన చాపమీద కూర్చుని చాలాసేపు మోకాలు రుద్దుకున్నాడు.

"వస్త వదినా. కని సీసా ఎవలు తెచ్చిన్రని అడుగుతరు గద. నేనే అని చెప్తే నన్ను గూడ లోపటేస్తరు. లేదంటే అమ్మోరి ముంగట అబద్ధమైతది."

వకీలుతో చెబితే ఆయన అన్నది నిజమే, రావద్దనండి అన్నాడు.

ఫాల్గుణంలో తీర్పు వచ్చింది. రక్తపరీక్ష కాగితాన్ని కోర్టు పక్కన పెట్టింది. సీసా సాక్షులనూ నమ్మలేదు. వకీలు చెప్పినవన్నీ నెగ్గాయి. ముద్దాయి స్వయంగా ఒప్పుకున్నాడు కాబట్టి తాగిన నేరం రుజువైందని మూడు నెలల జైలు, రెండువేల జుర్మానా. పై కోర్టుకు పోతే అప్పటిదాకా జైలు ఆపించవచ్చని వకీలు చెప్పాడు. దానికి ఫీజు కూడా తర్వాత ఇవ్వమన్నాడు. నా కొడుకు వద్దన్నాడు.

"ఒప్పుకున్న గద అవ్వా. మల్ల లేదని ఎట్లంట?"

వాడు జైల్లో ఉండగా రెండో శిక్ష చూపించి రవాణా ఆఫీసు లైసెన్సు రద్దు చేసింది. టెంపో ఠాణా ఆవరణలోనే ఉంది. ముద్దామాల్, అంటే కేసు సొత్తు. వానకు వెనక తలుపు తుప్పు పట్టింది. కోర్టు విడిచిపెట్టమన్న వారం, కిస్తులు ఆగాయని ఫైనాన్స్‌వాళ్లు అక్కడి నుంచే తోలుకుపోయారు. తాళం వాళ్లకు ఇచ్చింది నేను.

జ్యేష్ఠంలో వాడు ఇంటికి వచ్చాడు. కొన్నాళ్లు షెడ్ల చుట్టూ తిరిగాడు. అందరూ చెయ్యి చూసి చాయ్ పోశారు. ఇప్పుడు కోడలు చీరలకు రాళ్లు అంటించే పనికి పోతుంది. వాడు పొద్దున లేచి గుమ్మంలో కూర్చుంటాడు. మా సందులోకి టెంపో వస్తే ఏ గేరులో ఉందో చప్పుడు విని చెబుతాడు. మొదట్లో గట్టిగా చెప్పేవాడు. ఈ మధ్య పెదవులు మాత్రం కదులుతాయి.

మళ్లీ ఆషాఢం వచ్చింది. ఈసారి సాకలో పసుపు నీళ్లే పోశారు. వాడు రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. పెద్దమనిషి నా బోనం దించి, ప్రసాదం ఇచ్చి, మోకాలి నొప్పి గురించి మాట్లాడాడు. వాడు ఒప్పుకున్నాడు, జుర్మానా కట్టాడు. మా కట్టుబాటు ప్రకారం ఆ మాట ఇక ఎవరూ ఎత్తకూడదు. ఎవరూ ఎత్తడం లేదు.

పోయినవి ఇవి. జుర్మానాలు రెండు, పన్నెండు వేలు. వకీలు ఫీజు ముప్పై ఐదువేలు. నకళ్లు, స్టాంపులు వెయ్యిన్నీ నాలుగువందల అరవై. టెంపోకు అప్పటిదాకా కట్టిన కిస్తులు ఇరవై రెండు. మంగళసూత్రపు గుండ్లు ఎనిమిది. జైల్లో మూడు నెలలు. టెంపో ఒకటి. లైసెన్సు ఒకటి.