ఒకే కత్తి, రెండు కాగితాలు

మండపేటలో రైసుమిల్లుల రోడ్డు పక్కన నలభై ఏళ్లుగా గడ్డాలు గీస్తున్నాను. అక్షరాలు నలభై ఆరో ఏట నేర్చుకున్నాను, అందుకని ఇది నేనే రాస్తున్నాను.

నాకున్న స్నేహితుడు ఒక్కడే. ధాన్యం లారీ నడిపి మానేసినవాడు. సోమవారం, శుక్రవారం గడ్డానికి వచ్చేవాడు. చుట్టరికం లేదు గాని, బావా అంటే బావా అనుకునేవాళ్లం. గీయడం పావుగంట, కబుర్లు గంట. మా ఆవిడ పోయాక వారం మొత్తంలో నేను నోరు విప్పి మాట్లాడేది ఆ రెండు రోజులే.

కంటి ఆపరేషన్‌కి వెళ్తే ముందు రక్తం పరీక్ష చేసి, హెపటైటిస్ సి ఉందన్నారు. షుగర్ కూడా బోర్డర్‌లో ఉందన్నారు. రాజమండ్రిలో లివర్ డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను.

"నేను తీపి ముట్టనండి. షుగర్ ఎలా వస్తుందండీ?"

"లివర్‌లో ఈ వైరస్ ఏళ్ల తరబడి ఉంటే కొందరికి ఇన్సులిన్ సరిగా పనిచేయదండి. అలా షుగర్ పెరగొచ్చు. ఏం పని చేస్తారు?"

"గడ్డాలు గీస్తానండి."

ఆయన పెన్ను ఆగింది. "బ్లేడు మారుస్తారా?"

"ఇప్పుడు మారుస్తున్నానండి. పూర్వం అందరికీ ఒకటే కత్తి. గీశాక పటిక రాసేవాణ్ణి."

"పటికకి వైరస్ చావదండి."

పటిక రాసింది వాళ్ల చెంపలకి. కత్తి పదును చూసుకున్నది నా బొటనవేలి మీద. తెగితే చొక్కాకి తుడుచుకుని పని కానిచ్చేవాణ్ణి. ఎవరి నెత్తురు నాలోకి వచ్చిందో, నాది ఎవరిలోకి పోయిందో ఇప్పుడు తేల్చలేమన్నారు. బస్సులో తిరిగి వస్తుంటే ఒక్క మొహమే కళ్లముందు నిలబడింది. బావకి ఏడాదిగా షుగర్ బోర్డర్‌లో ఉంది. రాగిజావ తాగుతున్నాడు. అయినా నీరసం పోవడం లేదు.

శుక్రవారం నురగ రాస్తూ చెప్పేశాను. మెత్తగా చెప్పడం నాకు రాదు.

"నా రక్తంలో జబ్బుంది బావా. నా కత్తి నుంచి నీకూ వచ్చి ఉండొచ్చు. పరీక్ష చేయించుకో. నీ షుగర్‌కి కూడా అదే కారణమేమో."

"షుగర్ ఊళ్లో సగం మందికుంది. అందరికీ నువ్వే గీశావేంటి?"

"లేదు. నీకు మాత్రం నేనే గీశాను."

సగం గడ్డంతోనే లేచాడు. నురగ తువ్వాలుతో తుడుచుకుని వెళ్లిపోయాడు.

సోమవారం రాలేదు. పన్నెండు వారాలు మాత్రలు మింగాను. రోజుకి ఒకటి, ఖాళీ కుర్చీ పక్కన నిలబడి. బావ మెయిన్ రోడ్డులో ఏసీ సెలూన్‌కి వెళ్తున్నాడు. అక్కడ అతనికి దవడ కింద నాలుగు వెంట్రుకలు ఎప్పుడూ వదిలేసేవాళ్లు. రోడ్డు మీద ఎదురైతే నా చూపు అక్కడికే పోయేది. అతను మొహం తిప్పుకునేవాడు.

మందు ఆపిన మూడు నెలలకి పరీక్ష చేసి, వైరస్ పోయిందన్నారు. షుగర్ కొంత దిగింది గాని, పూర్తిగా కాదు. అన్నం తగ్గించమన్నారు. నేరుగా బావ ఇంటికి వెళ్లి అరుగు ముందు నిలబడ్డాను.

"నాది పోయింది. నీది చూపించుకో."

లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

వారం తరవాత షాపులోకి వచ్చి, కవరు నా చేతిలో పెట్టాడు. "చూడు. నాకు చదవడం రాదుగా."

కాగితం ఇంగ్లీషులో ఉంది. నాకు వచ్చింది తెలుగే. సొరుగులోంచి నా మొదటి రిపోర్టు తీసి, రెండూ పక్కపక్కన పరిచి, గీతకి గీత, సున్నాకి సున్నా పోల్చుకుంటూ వేలు నడిపించాను. చూడాల్సిన చోట రెండింట్లోనూ ఒకే మాట ఉంది.

"ఉంది" అన్నాను.

బావ కుర్చీలో కూర్చుని మెడ వెనక్కి వాల్చాడు. "గీయి. ఇంకేం అంటిస్తావులే."

కొత్త బ్లేడు కాగితం అతనికి కనబడేలా విప్పాను. కళ్లు మూసుకునే ఉన్నాడు. దవడ కింద వెంట్రుకలు కూడా తీశాను. తల వంచి మెడ వెనక కూడా గీశాను. ఎప్పటిలా కాసేపు కూర్చుంటాడేమోనని బల్ల తుడిచాను. మొహం తడుముకుని, "రాజమండ్రి బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

"ఎనిమిదింటికి. నేనూ..."

అప్పటికే గుమ్మం దాటాడు.

మర్నాడు అదే బస్సు ఎక్కాను. అతని పక్క సీటు ఖాళీగానే ఉంది. అక్కడ తన సంచి పెట్టుకున్నాడు. నేను వెనక సీట్లో కూర్చుని, నిన్న నేను గీసిన మెడని రాజమండ్రి దాకా చూస్తూ వెళ్లాను.