స్వామి పటం వెనుక సముద్రం

ఆగస్టు చివర, ఒక మంగళవారం ఉదయం ఆరు గంటలకు మా బస్సు కువైట్‌లోని ఫర్వానియా నుంచి బయలుదేరింది. ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించి మూడు వారాలు దాటింది. ఇల్లు చేరాలంటే బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వెళ్లి, అమ్మాన్‌లో విమానం ఎక్కాలి.

నేను ఆ పక్కనే ఉన్న దజీజ్‌లో పటాలకు ఫ్రేములు కట్టే దుకాణంలో గుమాస్తాను. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి కనుక లెక్కలు నాకు అప్పగించారు. పటాలు కట్టడం అక్కడే నేర్చుకున్నాను. ప్రయాణానికి ముందురోజు, ఒక కువైటీ ఇంట్లో పనిచేసే కడప జిల్లా ఓబులమ్మ దుప్పట్లో చుట్టిన చిత్రాన్ని తెచ్చింది. ఫ్రెంచి కళాకారుడొకరు రాగిరేకు మీద గీతలు గీసి, ఆమ్లంతో తొలిపించి, కాగితంపై అచ్చుతీసిన చిత్రమది. తుఫానులో సముద్రం నల్లని రాళ్లమీద విరుచుకుపడుతోంది.

“ఈ బండలు మా పక్కవే నాయనా. నీళ్లకే ఇంత కోపమేందో!” అన్నది. నాది కోనసీమ, ఆ నీళ్లు నాకు తెలుసు, రాళ్లే కొత్త.

దాన్ని అమ్మాన్‌లో చదువుకుంటున్న తన కూతురికి చేర్చమని యజమానురాలు ఆమెకు అప్పగించిందట. అక్కడి పిల్లలు అమ్మను పిలిచినట్టే, ఓబులమ్మ ఆ యజమానురాలిని ‘మామా’ అంటుంది. ఫోన్లు పనిచేయడం లేదు. నోటిమాటను కూతురు నమ్మకపోవచ్చు; తల్లి మంచానికి ఎదురుగా ఉండే ఈ చిత్రం చేతికందితే మాత్రం తల్లి బతికే ఉందని నమ్ముతుంది. అయితే కువైటీల ఇళ్లలోని వస్తువు కనిపిస్తే సైనికులు లాక్కుంటున్నారు.

పాత పటాన్ని పారేయడానికి మనసొప్పని వారికి, దానిమీదే కొత్తది పెట్టి కట్టివ్వడం మా దుకాణంలో అలవాటు. ఓబులమ్మ పూజించే వేంకటేశ్వరస్వామి పటం తెప్పించి, దాని వెనుక సముద్రాన్ని ఉంచాను. ఆ చిత్రానికి పాలిథీన్ చుట్టాను గాని ఒక మూలకు చాలలేదు.

బస్రా దగ్గర సైనికుడు పటాన్ని ఎత్తి చూశాడు.

“హిందీ?” ఇండియా వాళ్లా అని అడిగాడు.

“హిందీ,” అంటూ ఓబులమ్మ పటాన్ని కళ్లకద్దుకున్నది.

“యల్లా, యల్లా!” అంటూ పొమ్మని చెయ్యి ఊపాడు.

బస్సు కదిలాక ఆమె నా చెవిలో, “పాపం, సామికి గూడా మూటలు మోసే పని పడింది సూడు,” అన్నది.

సాయంత్రానికి బాగ్దాద్. రొట్టె, ఖర్జూరం తిని బస్సులోనే పడుకున్నాము. మరునాడు జోర్డాన్ సరిహద్దు దాటగానే ఎడారిలో గుడారాలు. తాగునీరు ట్యాంకరులో వచ్చేది, మనిషికింత అని పోసేవారు.

శుక్రవారం ఉదయం లేచి చూసేసరికి, ఓబులమ్మ తన వంతు నీళ్లతో పటాన్ని కడుగుతున్నది!

“అక్కా! వెనకాల ఏముందో మర్చిపోయారేంటండీ!”

ఆమె చేతిలోంచి చెంబు జారిపోయింది. “శుక్రవారం గదా, చెయ్యి దానంతటదే పాయె నాయనా. ఇంక మామాకు ఏం మొగం సూపించేది?”

పటాన్ని గాజు కిందికి వచ్చేలా బోర్లించి, చెంచా కాడతో మేకులు పెకలించాను. నీళ్ల వరుసలో ఉన్నవాళ్లంతా చుట్టూ మూగారు. అట్ట తడిసింది. స్వామి నడుము వరకు నానాడు. పాలిథీన్ చాలని మూలకు వేలెడు దూరంలో తడి ఆగిపోయింది. లోపల రాళ్లు, అలలు, పెన్సిలు సంతకం, అన్నీ పొడిగా ఉన్నాయి.

ఓబులమ్మ ఏడుస్తూనే నవ్వింది. “సామి నానినాడు గానీ సముద్రం తడవల్యా!”

గుడారాల నుంచి మమ్మల్ని అమ్మాన్ చేర్చాక, ఆదివారం మధ్యాహ్నం యజమానురాలి కూతురు ఉండే గది తలుపు తట్టాము. చిత్రాన్ని చూడగానే ఆమె నేలమీద కూర్చుండిపోయింది. “మామా?” అని మాత్రం అడిగింది. “జైన్. మామా జైన్,” అని, క్షేమమన్న ఆ ఒక్క అరబ్బీ మాటనే ఓబులమ్మ ఆమె తల నిమురుతూ పదేపదే చెప్పింది.

ఇదే దారిన రాబోయేవారికి నేను చెప్పదలచినది కొంచెమే. నీళ్లు, ఖర్జూరం వెంట ఉంచుకోండి. వరుసలో ఓపిక పట్టండి. దారి కష్టమైనదే కాని, ఇల్లు చేరుస్తుంది.

బొంబాయి విమానంలో, పటాన్ని పైన పెట్టమని సిబ్బంది ఎంత అడిగినా ఓబులమ్మ ఒడిలోంచి తీయలేదు. కింద అరేబియా సముద్రం ఒక్క ముడత లేకుండా పరచుకొని ఉంది. మరకపడిన స్వామిని ఆమె రెండు చేతులతో ఒకసారి ఎత్తి చూసి, నావైపు తిరిగింది.

“ఇప్పుడు తేలిగ్గా ఉండాడు నాయనా.”