చొక్కా చూసి ఎంచుకున్న కంటి డాక్టరు

మనిషిని అంచనా వేయడానికి టైలరు మాస్టారికి మొహంతో పని లేదు, కాలరు చాలు. "కుట్టు వంకరైతే బుద్ధీ వంకరే" అనేవాడు. అంతటివాడికి పక్కనుంచి వచ్చే మనుషులు కనిపించడం మానేశారు. గుద్దుకునేది తను, తిట్లు తినేది వాళ్ళు.

ఆయన కుట్టే చొక్కాలకు కాజాలు వేసేది భార్యే. పోరగా పోరగా ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు చుక్కలు వేసి చాలాసేపు చూశాడు.

"కంట్లో ఒత్తిడి బాగా పెరిగిందండీ. లోపల నరం దెబ్బతింటోంది. పోయిన చూపు ఎలాగూ తిరిగి రాదు. ఉన్నదైనా నిలబడాలంటే ఇవాళే మందు మొదలెట్టాలి."

మాస్టారు వింటేగా! బయటికి రాగానే మందుల చీటీ నలిపి పారేశాడు.

"కాలరు చూశావా? ఒక కొస పైకి, ఒక కొస కిందికి. ఒంటిమీది చొక్కా చూసుకోలేనివాడు నా కళ్ళేం చూస్తాడే?"

ఆమె నోరు జారింది. "అది మనం కుట్టిందేనండీ. ఆయన కాంపౌండరొచ్చి పట్టుకెళ్ళాడు. కాజాలు నావే, గుర్తుపట్టాను."

మాస్టారు నడిరోడ్డు మీద ఆగిపోయాడు. "నా కాలరు వంకరా?"

"మీ చెయ్యి మంచిదేనండీ. కళ్ళే..."

ఆ మాట పూర్తి కానివ్వలేదు. ఇక ఆ మందు వేసుకుంటే ఆ వంకర తనదని ఒప్పుకున్నట్టే. మర్నాడు వేరే డాక్టరును వెతుక్కున్నాడు. ఈయన కోటు మీద వేలెత్తి చూపడానికి ఒక్క ముడత లేదు. పైపైన చూసి, "శుక్లమే. ముదరనివ్వండి, తీసేద్దాం" అన్నాడు. మాస్టారు పొంగిపోయాడు.

ముదిరింది శుక్లం కాదు. ఏడాది తిరిగేసరికి రెండు కళ్ళూ చీకటయ్యాయి. ఆమె కాళ్ళావేళ్ళా పడి మొదటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన చూసి, చెయ్యడానికి ఏమీ మిగల్లేదన్నాడు.

ఇప్పుడు మిషను ఆమె తొక్కుతోంది. మాస్టారు గుమ్మం దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతాడు. "ఆ రోజు ఇది నోరు మూసుకునుంటే నేను ఆ డాక్టరు దగ్గరికే తిరిగి వెళ్ళేవాణ్ణి. నా కళ్ళు తీసింది ఇదే."

వెళ్ళేవాడు కాదని ఆమెకు తెలుసు. వీధికి మాత్రం ఆ మాటే రుచించింది. "మొగుడి తప్పు ఎత్తి చూపితే ఇంతేనమ్మా" అని అందరికంటే ముందు అన్నది ఎదురింటి వదిన. మాస్టారి భార్యకు ఒళ్ళు మండిపోయింది, కానీ తలెత్తలేదు.

ఆ వదినే ఒకనాడు కంగారుగా వచ్చింది.

"మా ఆయన కూడా పక్కనున్నవి కనపడట్లేదంటున్నారు. ఇద్దరు డాక్టర్లనూ చూసినదానివి. ఎవరి దగ్గరికి వెళ్ళమంటావు?"

గుమ్మంలో మాస్టారు చెవి ఇటు వేశాడు. ఆమె సూదిలోకి దారం ఎక్కించుకుంది.

"నాకేం తెలుసు వదినా? మీ ఇష్టం."