మంజీర రేవులో బండి నొగ

ఏటేటా ఒకచోటు నుంచి ఇంకోచోటుకు జరపాల్సిన నొగకు సిమెంటు గద్దె కట్టారు. కట్టించింది పరాయివాడు కూడా కాదు, మా తమ్ముడే. ఈ చలికాలం బోధన్ నుంచి వస్తూ మంజీర రేవులో ఆగి చూద్దును గదా, మా బాపు ఎడ్లబండి నొగ, ఎడ్ల మధ్య కాడి దాకా సాగే ఆ పొడుగు కర్ర, పసుపు పూసుకుని, మెడలో నిమ్మకాయల దండతో నిలబడి ఉంది.

అది దేవత కాదు మహాప్రభో, హెచ్చరిక! చెరుకు బండ్లు ఏరు దాటి ఫ్యాక్టరీకి పోయే కాలంలో మా బండి ఊబిలో దిగబడింది. పైకి మామూలు తడి ఇసుకే, పాల మీద మీగడంత నమ్మకంగా ఉంటుంది. ఎడ్లు గుంజుకున్నకొద్దీ దిగాయి. తోటి బండ్లవాళ్లు చెరుకు మోపులు పరిస్తే, బాపు వాటి మీద బోర్లా పాకి పలుపులు కోశాడు. ఒక ఎద్దు బయటపడింది. రెండోదాని కొమ్ములు మునగడం నేను చూశాను. విరిగిన నొగను బాపు అక్కడే పాతి, అమ్మ ఎర్రచీర పేలిక కట్టాడు. వరద వచ్చిపోతే ఊబి చోటు మారుతుంది. అందుకని నీళ్లు తగ్గాక గడకర్రతో పొడిచి చూసి, నొగను అక్కడికి జరిపేవాడు. బాపు పోయేనాటికి తమ్ముడు పాలు తాగే పిల్లవాడు. వంతెన పడేదాకా ఆ పని నేనే చేశాను. ఆ తర్వాత బండ్లు రావడం ఆగింది, జరపని నొగ జనానికి తల్లి అయి కూర్చుంది.

పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, ‘ఊబి ఉంది, దిగవద్దు’ అని రేకు మీద రాసి పెట్టాను. దానికీ కుంకుమ బొట్టు పెట్టారు! మొన్న మంగళవారం తమ్ముణ్ణి అక్కడికే లాక్కుపోయి, జనం కాళ్లు కడుక్కునే చోట గడకర్ర గుచ్చాను. సగం కర్ర చప్పుడు లేకుండా దిగిపోయింది.

"సూసినవా అన్నా, తల్లి మహిమ!" అని వాడు చెంపలు వేసుకున్నాడు.

"మహిమ గాదుర, ఊబి! నీ పెండ్లాం గీడనే కాళ్లు కడుగుతది!"

"తల్లే సూసుకుంటది తియ్."

ఇలాంటివాడితో వాదన కూడా ఊబే, కొట్టుకున్నకొద్దీ మనమే దిగుతాం. నా అరుపులకు పూనకమనుకుని ఒకామె నా మీద వేపాకు నీళ్లు చల్లింది. ఆ గొడవలోనే చెంబు పట్టుకుని ఏట్లోకి దిగిన మరదలు మోకాళ్ల దాకా కూరుకుపోయింది. చెయ్యి పట్టి గుంజబోయిన తమ్ముణ్ణి వెనక్కి నెట్టి, "కదలకు బిడ్డా, ఎనకకు ఒరుగు!" అంటూ గడకర్రను ఆమె వీపు కింద అడ్డంగా దూర్చాను. వెల్లకిలా పడుకుని ఒక్కో కాలూ మెల్లగా తీసుకుంది.

"ఇప్పుడన్న జరుపుతవార?" అన్నాను.

ఒడ్డున కూలబడ్డ తమ్ముడు లేచి వెళ్లి నొగ మీద చెయ్యి వేశాడు.

"జరుపుత అన్నా. రేపే గద్దె పలగ్గొడ్త. గని బాపు మొకం నాకు యాదికి లేదు. దీని మీద చెయ్యి పెడితే బాపును పట్టుకున్నట్టుంటది. మల్ల పాతేటప్పుడు నన్ను గూడ ఓ చెయ్యి పట్టనీ."