యారాడలో గుర్రు ఆగిన మధ్యాహ్నం

నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. ఎండీ అయ్యాక బుద్ధిగా ఊళ్లో ప్రాక్టీసు పెట్టుకోక, నిద్ర జబ్బుల వైద్యంలో ఏడాది ఫెలోషిప్ అంటూ విశాఖపట్నం వచ్చిపడ్డాను. గుడివాడలో మా పిన్నికి ఈ సంగతి చెబితే, జనాన్ని నిద్రపుచ్చడానికి డాక్టరెందుకే, మీ బాబాయి పేపరు చదివి వినిపిస్తే చాలదూ అంది. ఈ మధ్య నా బ్లాగు చూసి కొందరు జూనియర్లు ఆ శిక్షణలో ఏం నేర్పుతారని అడుగుతున్నారు. ఇంకొందరు విశాఖ పక్కన సముద్రం ఒడ్డునున్న యారాడకి ఎలా వెళ్లాలని అడుగుతున్నారు. ఇద్దరికీ కలిపి ఒక్క రోజు గురించి రాస్తాను.

శిక్షణలో ఎక్కువ భాగం పేషెంటు ఒంటికి వైర్లు అంటించి, అతను నిద్రపోతుంటే పక్కగదిలో కంప్యూటరు ముందు మనం మేలుకుని కూర్చోవడమే. అయితే మాకు శిక్షణ ఇచ్చే మేడంకి ఇంకో పద్ధతి ఉంది. ఆస్పత్రి మంచం మీద నిద్ర వేరు, ఇంటి మంచం మీద నిద్ర వేరు, వెళ్లి పడక చూసి రండి అంటూ ఫెలోలందరినీ పేషెంట్ల ఇళ్లకి తరుముతుంది. అలా నా వంతుకి వచ్చినవాడు యారాడలో ఉండే నూకరాజు. పోర్టులో క్రేను నడిపేవాడు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు అతనిది. రాత్రి నిద్ర చాలక పగలు కునుకు పడుతుంది. ఒకసారి క్రేను మీదే పట్టింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు గానీ, అతన్ని కిందికి దింపి యార్డు పనిలో వేశారు. నయమైందని మేం కాగితం రాసిస్తే తప్ప మళ్లీ పైకి ఎక్కనివ్వరు.

దీనికి మందు ఒక చిన్న మిషన్. ముక్కు మీద మాస్కు పెట్టుకుంటే అది గాలిని మెత్తగా లోపలికి తోసి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. మా దగ్గర పెట్టి చూసిన రాత్రి నూకరాజు పసిపిల్లాడిలా నిద్రపోయాడు. ఇంటికి ఇచ్చి పంపితే మాత్రం, మిషన్ లోపలి మీటరు చూస్తే రాత్రికి గంటసేపు కూడా నడవడం లేదు. అడిగితే పెట్టుకునే పడుకుంటున్నాను, లేచేసరికి ఎలాగో ఊడిపోయి ఉంటోందంటాడు. మనిషి అబద్ధం ఆడుతున్నాడనే అందరం అనుకున్నాం. మిషన్ ఆస్పత్రిది, దాని కోసం ఇంకో పేషెంటు ఎదురుచూస్తున్నాడు. వెళ్లి చూడు, వాడకపోతే పట్టుకొచ్చెయ్ అంది మేడం. అంటే ఆ రోజు నా సంచీలో మిషన్ తిరిగొస్తే నూకరాజుకి క్రేను లేనట్టే.

ఆ వారం అతనిది రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి, తిని, పగలు పడుకుంటాడు. అందుకని ఎనిమిదింటికల్లా మద్దిలపాలెంలో, యారాడ కొండకి ఇవతలున్న సింధియా వెళ్లే బస్సెక్కాను. టికెట్టు పది రూపాయల లోపే, కానీ ఆర్టీసీ కాంప్లెక్సు దాటేదాకా నిలబడాల్సిందే. సీటు దొరికాక కూడా నాకు కునుకు పట్టదు, నిద్ర డాక్టర్ల ఖర్మ అంతే. దాదాపు గంటకి సింధియాలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. కొండ మీదుగా ఘాట్ రోడ్డు కాబట్టి ఆటోవాళ్లు కాస్త ఎక్కువే అడుగుతారు, బేరమాడితే తగ్గుతారు. మా డ్రైవరు బీచికా అని అడిగాడు. కాదు, ఒకాయన నిద్రపోతుంటే చూడ్డానికి వెళ్తున్నానన్నాను. అతను అద్దంలోంచి నన్ను పైకీ కిందికీ చూశాడు.

"పడుకుంటే సూడ్డానికి ఇంత దూరం ఒచ్చేరా? మా ఇంటికి రండి మేడమ్, మా బావమరిది పగలూ రాత్రీ అదే పనిమీద ఉంటాడు."

కొండ ఎక్కుతుంటే వెనక పోర్టు మొత్తం కనిపిస్తుంది. ఓడలు, గుట్టలుగా పోసిన ఇనుప ఖనిజం, వాటి పైన క్రేన్లు. మలుపు తిరగ్గానే అదంతా మాయమై, కింద కొబ్బరితోటలు, వాటి అవతల సముద్రం. కెమెరా తెచ్చుకోనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

నూకరాజు ఇల్లు ఊళ్లో సముద్రం మీద చేపల వేటకెళ్లే వాళ్ల ఇళ్ల మధ్యే ఉంది. ఒకటే గది, ముందు వసారా. అతని భార్య పైడమ్మ నన్ను చూసి కంగారుపడి, చీర కొంగుతో కుర్చీ తుడిచి, కూర్చోకముందే చేపల పులుసు అన్నం పెట్టింది. వద్దంటే ఊరుకునే మనిషి కాదు. పులుసు మాత్రం అమోఘం. మిషన్ గోడకి మేకులతో కొట్టిన చెక్క మీద ఉంది. దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. దేవుడి పటం పక్కన ఇంత భక్తిగా పెట్టుకున్న మిషన్‌ని వాడకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు.

నూకరాజు తిని, నా కళ్లెదుటే మాస్కు పెట్టుకుని, బటన్ నొక్కి నులక మంచం మీద వాలాడు. క్షణంలో నిద్రపోయాడు. గురక లేదు, మిషన్ నుంచి సన్నటి గాలి చప్పుడు తప్ప. చాలా బాగుంది అనుకున్నాను. మంచం పక్కన నేల మీద పైడమ్మ చింతపండు గింజలు తీస్తోంది. కాసేపటికి ఆమె చేతులు ఆగాయి. తల వంచి విన్నది. లేచి అతని గుండె మీద అరచెయ్యి వేసింది. మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. నేను ఉన్నానన్న సంగతి మరిచిపోయినట్టుంది. మెల్లగా, అతనికి మెలకువ రాకుండా, మాస్కు పట్టీ తప్పించి తీసేసి మిషన్ ఆపేసింది. నిమిషంలో నూకరాజు గుర్రు మొదలైంది, ఇల్లదిరేలా. పైడమ్మ ముఖం తేలికపడింది. మళ్లీ చింతపండు ముందేసుకుంది.

పక్కన కూర్చుని, ఎందుకమ్మా తీసేశారు అని అడిగాను. ఆమె బెదిరిపోయింది. ఆయనకి చెప్పొద్దంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"పెళ్లైన కాణ్ణించీ ఇంతేనమ్మా. గుర్రు ఇనిపిత్తంటే మనిషి ఉన్నాడని. ఆగిపోతే నాను లేసి తడతాను, అప్పుడు మళ్లీ ఊపిరి తీత్తాడు. ఒక్క పూట నాను తట్టకపోతే ఏటైపోతాడో. ఆ మిషను ఎట్టుకుంటే సప్పుడే నేదు. సప్పుడు నేకపోతే నాకు ఊపిరాడదు."

మరి మీరెప్పుడు పడుకుంటారని అడిగితే, ఆయన డ్యూటీకెళ్లాక అంది, అందులో విశేషమేముందన్నట్టు. నాకు ఏడుపు వచ్చేసింది. వాడటం లేదని మేం కేకలేసిన ప్రతిసారీ ఆ మనిషి నిజమే చెప్పాడు. ఆస్పత్రిలో మిషన్ గురించి వివరించేటప్పుడు భార్యల్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టడం మా అలవాటు. అతని ఊపిరి ఆగితే ఏం చెయ్యాలో మాకంటే ముందునించీ చేస్తున్న మనిషికి, ఇక ఆ పని అక్కర్లేదని ఎవ్వరం చెప్పలేదు.

మాస్కు మళ్లీ పెట్టి మిషన్ వేశాను. నూకరాజు ఏదో గొణిగి అటు తిరిగాడు. మాస్కు ముందు గాలి బయటికి వచ్చే సన్నటి రంధ్రాలుంటాయి. పైడమ్మ చెయ్యి పట్టుకుని వేళ్లు అక్కడ పెట్టాను. గాలి వస్తూనే ఉంటుంది, అతను ఊపిరి వదిలినప్పుడల్లా కాస్త గట్టిగా తగులుతుంది. ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉంది. ఊపిరి ఆగదా అని అడిగింది. ఆగబోతే అదే గాలి తోసి ఆగనివ్వదు, మీరు తట్టే పని ఇప్పుడు అది చేస్తుంది అన్నాను. ఆమె నన్ను చూసింది, మిషన్‌ని చూసింది.

"అయితే నాను పడుకోవచ్చా?"

పడుకోండమ్మా, నేను చూస్తుంటాను అన్నాను. మంచం పక్కన చాప వేసుకుని, అప్పటికీ ఒక చెయ్యి అతని చెయ్యి మీద ఉంచి పడుకుంది. కాసేపటికి ఆ చెయ్యి జారి చాప మీద పడింది.

నూకరాజు లేచేసరికి మూడు దాటింది. మాస్కు తీసి, కింద భార్యని చూసి ఒక్కసారిగా హడలిపోయాడు. మంచం దిగి వంగి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి తగిలాక అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"పైడి పడుకోడం నాను ఎప్పుడూ సూడనేదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఎప్పుడు లేసినా లేసే ఉంటాది."

ఆమెని లేపవద్దని ఇద్దరం అనుకున్నాం. టీ అతనే పెట్టాడు, పంచదార దొరక్క బెల్లం వేసి.

మిషన్ అక్కడే ఉండిపోయింది, నా సంచీలో కొబ్బరికాయలు వచ్చాయి. తర్వాత మీటరు పరిగెత్తింది. మళ్లీ పరీక్ష చేసి మేడం కాగితం మీద సంతకం పెట్టింది, నూకరాజు క్రేనెక్కాడు. ఇప్పుడు పోర్టు వైపు ఎప్పుడు వెళ్లినా క్రేన్లకేసి చూస్తాను, అతనిది ఏదో నాకు తెలియదు. ఎండీలో ఊపిరి గురించి చాలా చదివాను. ఒక మనిషి ఊపిరిని ఇంకో మనిషి అన్నేళ్లు కాపలా కాయడం ఏ పాఠంలోనూ లేదు. నా ఫెలోషిప్ నిజంగా ఆ చాప పక్కన మొదలైంది.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. యారాడ నుంచి సాయంత్రం పూట ఆటోలు తక్కువ, పొద్దు వాలకముందే కొండ దిగండి. ఇది అందరికీ తెలిసిందే, అసలు మాట మా జూనియర్లకి. మిషన్ ఎవరికిచ్చినా, బెంచీ మీదున్న మనిషిని లోపలికి పిలవండి. ముందు ఆమె చెయ్యి ఆ గాలి దగ్గర పెట్టండి.