పెళ్లి బంతిలో జ్వరాలు వెతికిన రోజు

నేను పాతపట్నంలో పశువుల డాక్టరుగా చేరిన కొత్తలో, ఆసుపత్రి డాక్టరొకామె, నేను ఒకే వాటాలో అద్దెకుండేవాళ్లం. ఆ శ్రావణంలో కొండకింది ఊళ్లలో మలేరియా మొదలైంది. జ్వరం ముదిరాక గాని జనం రావట్లేదని తనకి దిగులు.

"గొడ్డు నోరు విప్పి చెప్పదు కదే. మరి మీకు ముందే ఎలాగ తెలుస్తాది?" అని అడిగింది.

"సంతకి పోయి ఏ ఊరి పశువులు రాలేదో చూస్తాం. రాని ఊరికి మేమే వెళ్తాం."

మర్నాడే సంత. తను నన్ను లాక్కుపోయింది. ఎప్పుడూ కూరగాయలు తెచ్చే ఒక ఊరి ఆడవాళ్లు ఒక్కరూ కనబడలేదు. ఊరంతా జ్వరంతో పడిపోయిందేమోనని తనకి భయమేసింది. పరీక్ష కిట్లు, మాత్రలు సంచిలో వేసుకుని నా స్కూటీ మీద బయల్దేరాం.

ఊరి మొదట్లోనే డప్పులు వినబడ్డాయి. ఊరంతా పెళ్లిలో ఉంది. ఇద్దరికీ నవ్వాగలేదు.

వచ్చాం కదా అని నేను భోజనాల బంతి పక్కన నిలబడి చూడటం మొదలుపెట్టాను. మందలో జబ్బు పశువుని మేము మొదట మేత దగ్గరే పట్టుకుంటాం. ఒకావిడ తన గారెలు పక్కామె విస్తట్లో వేసేసింది. ఇంకొకాయన అన్నం కలుపుతున్నాడే గాని ముద్ద ఎత్తట్లేదు. వాళ్లని పక్కకి పిలిచి తను వేలు గుచ్చి చూసింది. ఇద్దరికీ మలేరియానే. పెళ్లికొడుకు కూడా తినట్లేదని అతన్నీ వదల్లేదు. అతనిది ఉత్త సిగ్గు.

పెళ్లికూతురి నాయనమ్మ వాళ్ల ఆవుకి నేనే పురుడు పోశాను. ఆవిడ దగ్గరికొచ్చింది.

"ఏటమ్మా, మమ్మల్ని గొడ్లని సూసినట్టు సూస్తన్నావు?"

"అవును మామ్మా. తిననివాళ్లెవరో చూస్తున్నాను."

"అయితే మీరిద్దరూ తినకుండా నిలబడ్డారేటి? ముందు మీ ఏళ్లు గుచ్చుకోండి."

బంతి బంతంతా నవ్వింది. మమ్మల్ని కూర్చోబెట్టి గుమ్మడికాయ దప్పళం మళ్లీ మళ్లీ వడ్డించారు.

మాత్రలు వేళకి పడ్డాయి. ఆ వానల్లో ఆ ఊరి నుంచి ముదిరిన జ్వరంతో ఎవరూ రాలేదు. తర్వాత ఎక్కడ భోజనాలని తెలిసినా తను సంచి తగిలించుకునేది. పిలుపు ఉందో లేదో అడక్కుండా నేను స్కూటీ తీసేదాన్ని.